పచ్చది, మచ్చది, మధ్యలో జాలీ

చిలకా గోరింకల్లా ఉన్నారు అని కొత్త దంపతుల్ని మెచ్చుకోవడం మనకి అలవాటు. ఎన్నిసార్లు విన్నా ఆ పోలిక దగ్గర నేను కాస్త ఆగుతాను. చిలక వేరే జాతి, గోరింక వేరే జాతి. గూడు పెట్టుకోవడానికి రెండిటికీ తొర్రలే కావాలి. గూళ్ళ కాలంలో ఏ ముసలి చెట్టు కిందో కాసేపు నిలబడితే, ఒకే తొర్ర కోసం ఇవి రెండూ అరుచుకుంటూ తరుముకుంటూ కనిపిస్తాయి. మన భాష అన్యోన్య దాంపత్యానికి గుర్తుగా పెట్టుకున్న జంట నిజానికి ఒకే ఇంటి కోసం దావా వేసుకున్న రెండు పార్టీలన్నమాట. ఈ పోలిక కనిపెట్టినవాళ్ళు పక్షుల్ని సరిగ్గా చూడలేదా, సంసారాన్ని మరీ సరిగ్గా చూశారా అన్నది నాకింకా తేలలేదు.

ఆరు నెలలుగా మా హాల్లో రెండు కెనరీ పిట్టలున్నాయి. వాటిని చూసినవాళ్ళంతా, పనమ్మాయి, పై ఫ్లోర్ పిల్లలు, గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయితో సహా, అడిగేది ఒకటే ప్రశ్న. "అవి కొట్టుకుంటున్నాయా, ఆడుకుంటున్నాయా?" సరిగ్గా ఇదే ప్రశ్న ఈ ఏడాది మా ఇంట్లో ఇంకో జంట గురించి కూడా వచ్చింది. ఆ జంటలో ఒకరికి డెబ్భై మూడు, ఒకరికి అరవై ఏడు.

ముందు పిట్టల సంగతి. నిరుడు దసరాకి ముందు నా టీమ్‌లో ఒకతను డాలస్ వెళ్ళిపోతూ పంజరంతో సహా మాకు అప్పగించి వెళ్ళాడు. ఒకటి నిండా పసుపుపచ్చ. రెండోది అదే రంగు, కానీ నెత్తిన టోపీ పెట్టినట్టు నల్లటి మచ్చ. నీరజ వాటికి ఏవో అందమైన పేర్లు ఆలోచిస్తుండగానే మా అమ్మ పచ్చది, మచ్చది అనడం మొదలుపెట్టింది. పేర్ల విషయంలో ముందు పిలిచినవాళ్ళదే రాజ్యం.

"జంటే" అన్నాడు ఆ స్నేహితుడు. కెనరీల్లో ఆ మాట అంత తేలిగ్గా నమ్మడానికి లేదు. మగదానికీ ఆడదానికీ రంగులో తేడా తెలీదు. తేడా పాటలో ఉంటుంది. గొంతు ఉబ్బించి, ముక్కు పెద్దగా తెరవకుండా, ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో అంతుపట్టనంతసేపు పాడేది మగది. ఆడది పిలుస్తుంది, కిచకిచలాడుతుంది, ఎప్పుడైనా నాలుగు ముక్కలు పాడినట్టు చేసి ఊరుకుంటుంది. రెండూ మగవే అయితే మాత్రం చలికాలం గడిచాక ఆ పంజరంలో జరిగేది కొట్లాటే, సందేహం అక్కర్లేదు. వారం తిరిగేసరికి పచ్చది పాట ఎత్తుకుంది. మచ్చది ఎత్తుకోలేదు. అంతవరకూ ఊరట.

మన చిలకల్నీ, జీనువాయి పిట్టల్నీ పంజరంలో పెడితే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. కెనరీ ఈ దేశపు పిట్ట కాదు. ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా ఉన్న కెనరీ దీవులు, అజోర్స్, మదీరా దీవులు దాని సొంతూళ్ళు. ఆ దీవుల పేరు లాటిన్‌లో కుక్కని చెప్పే మాట నుంచి వచ్చిందంటారు. దీవి పేరు పిట్టకొచ్చింది. అలా ఇంత చిన్న గొంతుకి కుక్క పేరు తగులుకుంది. స్పెయిన్‌వాళ్ళు పదిహేనో శతాబ్దంలో ఆ దీవుల్ని గెలుచుకున్న తర్వాత ఈ పిట్ట యూరప్ పంజరాల్లోకి చేరింది. జర్మనీలో హార్జ్ కొండల గని కార్మికులు దాన్ని పాట కోసం తరతరాలుగా పెంచారు. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు జాడ చెప్పడానికి 1986 దాకా వాడారు. ఆ కథ అందరికీ తెలిసిందే, దాన్ని పొడిగించను.

నన్ను పట్టుకున్న విషయం వేరే. అడవి కెనరీలు చలికాలమంతా గుంపులుగా తిరుగుతాయి, ఎండలు మొదలవగానే జంటలుగా విడిపోతాయి. అక్కడ మగది తరిమితే ఆడది ఎగిరిపోవచ్చు. ఎంత దూరం ఎగరాలో, ఏ కొమ్మ మీద ఆగి వెనక్కి చూడాలో దాని ఇష్టం. మా పంజరం పొడుగు రెండడుగులు.

నవంబరు, డిసెంబరు నెలల్లో పచ్చది దౌర్జన్యం చూడాల్సిందే. కొర్రల గిన్నె దగ్గరికి మచ్చది రాగానే ఒంటిని పొడుగ్గా సాచి, తల ముందుకు పెట్టి, నోరు తెరిచి నిలబడేది. ముట్టుకునేది కాదు. ఆ నిలబడటం చాలు, మచ్చది పక్క పుల్ల మీదికి జరిగిపోయేది. ఇది గమనించి అమ్మ రెండో గిన్నె పెట్టింది. పచ్చది ఇప్పుడు రెండు గిన్నెల మధ్యా డ్యూటీ చేయడం మొదలుపెట్టింది. "ఎవరి పోలికో" అంది అమ్మ వంటింట్లోంచి. నాన్న పేపరు దించలేదు.

సంక్రాంతి వెళ్ళాక లెక్క తిరగబడింది. గిన్నె దగ్గర మచ్చదే ముందు. పచ్చది దగ్గరికొస్తే ఒక్క పోటు, అది వెనక్కి. ఇలా మా ఇంట్లోనే జరిగిందనుకున్నాను కానీ, ఫించ్ కుటుంబపు పిట్టలన్నిటికీ ఇలాంటి ఆచారమే ఉన్నట్టుంది. 1950లలో కేంబ్రిడ్జ్‌లో రాబర్ట్ హైండ్ అనే ఆయన ఈ పిట్టల ప్రణయ వ్యవహారాల్ని ఏళ్ళ తరబడి కూచుని చూశాడు. చలికాలంలో మగదాని పైచేయి, గూడు కట్టే కాలం దగ్గరపడేకొద్దీ ఆడదాని పైచేయి. ఆయన చెప్పిన ఇంకో మాట దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. జోడీ కట్టేటప్పుడు ఆ పిట్టలో మూడు కోరికలు ఒకేసారి లాగుతూ ఉంటాయట. దాడి చేద్దామని, పారిపోదామని, దగ్గరవుదామని. మనం ముచ్చటపడి చూసే ఆ నాట్యమంతా, రెక్కలు వేలాడదీయడం, ఒళ్ళు ఊపడం, ఎగిరి సగంలో ఆగిపోవడం, ఆ మూడింటిలో ఏదీ నెగ్గని రాజీ. అందుకే చూసేవాడికి అది కొట్లాటా సరసమా అన్నది తెలియదు. ఆ క్షణంలో పిట్టకీ తెలియదేమో.

మన అలంకారికులు ఈ సంగతి పంజరం పెట్టుకోకుండానే కనిపెట్టారు. విప్రలంభ శృంగారంలో మానం అని ఒక భాగం ఉంది. అందులో మళ్ళీ రెండు రకాలు. ఈర్ష్యామానానికి కారణం ఉంటుంది, అవతలి మనిషి వేరేవాళ్ళ వైపు చూశారని. ప్రణయమానానికి కారణం ఉండదు. ప్రేమ ఉంది కాబట్టి అలక, అంతే. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దీన్ని మామూలు విషయంలా చెప్పుకుంటూ పోతాడు. అలాగే అష్టవిధ నాయికల్లో ఒకామె కలహాంతరిత. ఆ మాటని విడదీస్తే, కలహం అడ్డుపడి దూరమైనది. ఇంజనీరింగ్ చదివేటప్పుడు పరీక్షల ముందు రాత్రి కాక మిగతా రాత్రుళ్ళు నేను చదివిన పుస్తకాలవి. అప్పుడు ఆ జాబితాలన్నీ ఎవరో పనిలేనివాళ్ళు వేసిన పట్టికల్లా ఉండేవి. జనవరిలో ఒక ఉదయం నేను స్వహస్తాలతో ఒక కలహాంతరితని తయారు చేయాల్సి వచ్చాక ఆ పదం మీద గౌరవం పెరిగింది.

ఆ ఉదయం ఏం జరిగిందంటే, పచ్చది పాట ఆపకుండానే మచ్చదాన్ని తరమడం మొదలుపెట్టింది. ఈ చివరి నుంచి ఆ చివరికి, అక్కణ్ణుంచి కిందికి, మళ్ళీ పైకి. అరగంట. పంజరం అడుగున రెండు ఈకలు రాలాయి. చివరికి మచ్చది అడుగునే ఒక మూల నోరు తెరుచుకుని రొప్పుతూ కూర్చుంది. ఇందాకటిదాకా పోటు పొడిచిన పిట్ట ఇప్పుడు పొడవడం లేదు, అరవడం లేదు.

అక్కడ నాకొక కొలత దొరికింది. చప్పుడు ఉన్నంతసేపూ భయం లేదు. నోరు తెరిచి బెదిరించడం, రెక్క ఎత్తడం, కీచుమనడం ఇవన్నీ దెబ్బ తప్పించుకోవడానికి చేసే పనులు. ఒక పిట్ట జవాబివ్వడం మానేసి మూలకి చేరిందంటే మాత్రం కలగజేసుకోవాలి. చార్మినార్ దగ్గర ముర్గీచౌక్‌లో పంజరాలమ్మే ఒక పెద్దాయన ఇదే ఇంకో రకంగా చెప్పాడు. ఈక రాలితే చూస్తూ ఉండు, నెత్తురు కనిపించేదాకా మాత్రం చూడకు అని. ఆయన దగ్గరే మూడడుగుల పంజరం కొన్నాను. మధ్యలో జరుపుకునే జాలీ తలుపు ఉంటుంది. పచ్చది అటు, మచ్చది ఇటు. ఒకదాన్నొకటి చూసుకోవచ్చు, వినొచ్చు, అందుకోవడానికి మాత్రం వీల్లేదు.

జాలీ పెట్టాక పచ్చది పాట రెట్టింపయింది. దీని వెనక బోలెడు శాస్త్రం ఉంది. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో నొట్టెబోమ్ 1970, 80లలో కెనరీ మెదళ్ళ మీద పనిచేశాడు. మగదాని మెదడులో పాట కోసం ఉన్న భాగాలు గూళ్ళ కాలంలో పెరుగుతాయి, ఆ కాలం పోయాక కుంచించుకుపోతాయి. ఏటా కొన్ని పాత ముక్కలు వదిలేసి కొత్తవి కట్టుకుంటుంది. ఎదిగిన మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయని గట్టిగా చెప్పిన తొలి సాక్ష్యాల్లో ఈ పిట్ట ఒకటి. 1976లో డొనాల్డ్ క్రూడ్స్‌మా ఆడ కెనరీలకి రికార్డు చేసిన పాటలు వినిపించాడు. ఎక్కువ రకాల ముక్కలున్న పాట విన్నవి తొందరగా గూళ్ళు కట్టాయి, గుడ్లు ఎక్కువ పెట్టాయి. 1990లలో పారిస్ పక్కన నాంతేర్‌లో ఇంకా లోతుకి వెళ్ళారు. రెండు స్వరాలు కలిపిన ఒక చిన్న ముక్కని సెకనుకి పదహారుసార్లకి పైగా తిప్పి పాడితే ఆడ పిట్ట నిలబడి వింటుంది, తోక ఎత్తి కూర్చుంటుంది. మిగతా పాట ఎంత బాగున్నా ఆ స్పందన అంతగా రాదు. అంటే పాట మొత్తంలో పని జరిపించేది ఆ ఒక్క చరణమే. మన సినిమా పాటల గురించి నాకున్న అనుమానమే ఇది, శాస్త్రవేత్తలు నిరూపించారు.

సినిమా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఆ అమ్మాయి వద్దంటున్నా వెంటపడటం, ఆమె విసుక్కోవడాన్ని ఇష్టమని చదువుకోవడం, ఇంటర్వెల్ లోపు ఆమె నవ్వేయడం. ఈ కథని ప్రణయకలహం అనే మంచి మాట కప్పి మనకి ఎన్ని దశాబ్దాలు అమ్మారో లెక్కలేదు. కెనరీలు కూడా అలాగే చేస్తాయి కదా అని ఎవరైనా అంటే, చేయవు అని నేనిప్పుడు ధీమాగా చెప్పగలను. మచ్చది పొడిచిన ప్రతిసారీ దాని అర్థం వద్దు అనే. ఇంకా కాదు అనే. లోపల ఒళ్ళు సిద్ధం కాని ఆడ పిట్టని ఏ పాటా లొంగదీయదు. పగలు పొడుగవ్వాలి, తిండి బావుండాలి, గూటికి చోటు కనిపించాలి. వాటికి తోడుగా పాట. పంజరంలో మగది తరిమి తరిమి ఆడదాన్ని అలవగొడితే, ఆ తప్పు పాటలో లేదు, రెండడుగుల పొడుగులో ఉంది.

పగటి పొడుగు అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో డిసెంబరు పగలు దాదాపు పదకొండు గంటలు, జూన్ పగలు పదమూడు. తేడా ఎంతో లేదు, కానీ పిట్టలకి ఆ మాత్రం తెలుస్తుంది. మా హాల్లో మాత్రం అమెరికా కాల్స్ పుణ్యమా అని రాత్రి పన్నెండుదాకా ట్యూబ్‌లైట్ వెలుగుతుంది. నా క్లయింటు స్టేటస్ మీటింగ్ వల్ల ఒక పిట్టకి అకాల వసంతం రావడం అన్యాయమని, సాయంత్రం ఆరున్నరకల్లా నాన్న తన పాత పంచె ఒకటి పంజరం మీద కప్పడం మొదలుపెట్టారు. పిట్టల వల్ల మా ఇంట్లో ఇంకో తగవు కూడా తీరింది. నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కితే వచ్చే పొగ పక్షులకి ప్రాణాంతకం. దానితో అమ్మ ఇనప పెనం మళ్ళీ గద్దెనెక్కింది. నాన్నకి దోసెలు అంటుకుపోతున్నాయని బాధ. "పిట్టలకన్నా ఎక్కువా మీరు?" అంది అమ్మ.

ఇప్పుడు రెండో జంట.

అమ్మా నాన్నా తెనాలిలో కాలవ పక్క వీధిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉన్నారు. నాన్న ఆర్టీసీలో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ళు, షుగరు, పైకప్పు కారడం, ఈ మూడూ కలిసి రెండేళ్ళ కిందట వాళ్ళని మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి తెచ్చాయి. తొమ్మిదో అంతస్తు. వాళ్ళ కీచులాటలు నాకు చిన్నప్పటి నుంచీ రేడియోలాంటివి. మోగుతూ ఉంటుంది, మన హోంవర్కు మనం చేసుకుంటూ ఉంటాం. పొద్దున్నే నాన్న జిల్లా ఎడిషన్‌లో చావు కబుర్లు పైకి చదువుతారు. అమ్మ వంటింట్లోంచి సవరిస్తుంది. "ఆయన వాళ్ళ అల్లుడు కాదు, మేనల్లుడు." "నీకు తెలుసా నాకు తెలుసా?" "మీకేం తెలుసు, ఆ పెళ్ళికి మీరు రానేలేదు." ఆ పెళ్ళి 1979లో జరిగింది. ఇలా ఇద్దరు ముగ్గురు పోయినవాళ్ళ మీద పోట్లాడుకుని, కాఫీ తాగి, ఆవిడ మాత్రలు ఈయన వారాల డబ్బాలో సర్దుతారు. అందులోనూ ఒక రంగు మాత్ర విషయంలో ఇంకో విడత.

అక్కది బెంగుళూరు. ఫిబ్రవరి మొదట్లో వచ్చి నాలుగు రోజులుండి, వెళ్ళే ముందు రాత్రి నన్ను బాల్కనీలోకి పిలిచింది. "ఒరేయ్, అమ్మని నేను తీసుకెళ్తాను. నాన్న నీ దగ్గరుంటారు. ఈ వయసులో ఇద్దరికీ మనశ్శాంతి ఉంటుంది" అంది.

తల్లిదండ్రుల్ని చెరొకరూ పంచుకోవడం ఈ రోజుల్లో వింతేం కాదు. మా అపార్ట్‌మెంట్‌లోనే మూడు ఇళ్ళలో ఒక్క నాన్నో ఒక్క అమ్మో ఉన్నారు, రెండో సగం పుణేలోనో సిడ్నీలోనో ఉంది. అక్క స్వార్థంతో అనలేదు. తన ఇంట్లో గది ఉంది, ఓపిక ఉంది. "వాళ్ళు ఎప్పుడూ ఇంతే కదే" అన్నాను. "నీకు తెలీదు" అంది.

నిజంగానే నాకు తెలియని భాగం ఒకటుంది. అక్క నాకన్నా ఏడేళ్ళు పెద్ద. 1990లో అమ్మ నాలుగు నెలలు పుట్టింటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళ నన్ను చంకనేసుకుని వెళ్ళింది. బడి పోతుందని తొమ్మిదేళ్ళ అక్కని నాన్న దగ్గర వదిలింది. ఆ నాలుగు నెలలూ ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు, నాన్న వండిన అన్నం ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు. ఆ వెళ్ళడానికి ముందు ఏం జరిగిందో అక్క చూసింది. నాకు ఎవరూ చెప్పలేదు, అక్క కూడా చెప్పలేదు. కాబట్టి ఇద్దరం చదివేది ఒకే పుస్తకం కాదు. నా ప్రతిలో మొదటి అధ్యాయం లేదు. వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు నాకు రేడియో, అక్కకి సైరన్. సమీక్షలు రాసే అలవాటున్నవాడిగా నేను ఒప్పుకోవాల్సింది ఏంటంటే, ఇక్కడ తన పఠనాన్ని కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు.

ఉన్నదల్లా ఈ రెండేళ్ళుగా నేను చూస్తున్నది. తెనాలిలోకన్నా ఇక్కడ గొడవలు పొడుగయ్యాయి. అది నిజం. తెనాలి ఇంట్లో మాట మీరగానే నాన్న చెప్పులేసుకుని కాలవ గట్టుకి వెళ్ళేవారు. అమ్మ పెరట్లోకి వెళ్ళి కరివేపాకు చెట్టు కింద ఏదో ఒకటి కడుగుతూ కూర్చునేది. గంట పోయాక ఎవరో ఒకరు "కాఫీ" అనేవారు. ఇక్కడ లిఫ్టు దిగాలి, గేటు దగ్గర వాచ్‌మన్ పలకరిస్తాడు, రోడ్డు దాటడానికి మోకాళ్ళు ఒప్పుకోవు. పెరడు లేదు. బెడ్‌రూమ్‌లో ఒకరుంటే రెండోవాళ్ళు హాల్లో, హాల్లో నేను కాల్‌లో ఉంటాను. కోపం వచ్చిన మనిషి వెళ్ళడానికి చోటే లేదు.

పాతవాళ్ళకి ఈ విషయం తెలుసు. దశరథుడి ఇంట్లో కైక వెళ్ళి పడుకోవడానికి వేరే కోపగృహం ఉంది. పారిజాతాపహరణంలో సత్యభామకీ కోపగృహం ఉంది. కృష్ణుడు ఆమె ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, ఆ గది చాలు, సంగతి తెలిసిపోతుంది. వెళ్ళి ఎడమకాలి తన్ను తిని వచ్చాడు. మన పెళ్ళిళ్ళలో కూడా అలకకి ఒక పాన్పు వేసి పెట్టారు, అలగడం అనేది ఎప్పుడో ఒకప్పుడు ఎలాగూ తప్పదు కాబట్టి. మా బిల్డర్ బ్రోషర్‌లో పూజగది ఉంది, యుటిలిటీ ఉంది, పిల్లలకి స్టడీ కార్నర్ ఉంది.

పిట్టల నుంచి మనుషులకి సూత్రాలు లాగడం నాకు ఇష్టం ఉండదు, అలాంటి వ్యాసాలు చదివితే ఒళ్ళు మండుతుంది. పిట్టకి పెళ్ళి లేదు, పింఛను లేదు, 1990 లేదు. అయినా ఫిబ్రవరిలో నా కళ్ళ ముందు జరుగుతున్నది నేను చూడకుండా ఉండలేను కదా. జాలీ పెట్టిన పదిహేను రోజులకి మచ్చది అడుగున పరిచిన పేపరు చింపడం మొదలుపెట్టింది. పేపరు ముక్క ముక్కున పట్టుకుని అటూ ఇటూ తిరిగేది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తర్వాత పచ్చది తను తిన్నది మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని జాలీలోంచి అందించడం, ఇది రెక్కలు ఆడిస్తూ అందుకోవడం. పెంచేవాళ్ళంతా ఎదురుచూసే గుర్తు ఇదే. అప్పుడు జాలీ తీయాలి. తీశాక కూడా అవి పోట్లాడుకున్నాయి. రోజూ పోట్లాడుకున్నాయి. కానీ ఈ పంజరంలో ఒకటి వెళ్ళి కూర్చునే మూల ఒకటుంది, మధ్యలో నేను కట్టిన ప్లాస్టిక్ ఆకుల చాటు ఒకటుంది. వెళ్ళి కూర్చునేది, కాసేపటికి బయటికొచ్చేది. కొబ్బరిపీచు కత్తిరించి ఇస్తే గూడు అదొక్కతే కట్టుకుంది. నాలుగు గుడ్లు, లేత నీలం మీద గోధుమరంగు చుక్కలు. పద్నాలుగు రోజులు అది పొదిగింది, పచ్చది తిండి తెచ్చి పెట్టింది. మూడు పిల్లలు.

జాలీతో పాటు నేను చేసిన ఇంకో పని ఏంటంటే, ఆఫీసు టేబుల్‌ని రెండో బెడ్‌రూమ్‌లోంచి తీసి మా బెడ్‌రూమ్‌లో కిటికీ పక్కకి ఇరికించాను. ఖాళీ అయిన సగం గదిలో ఒక మంచం, తలుపుకి లోపలి నుంచి గొళ్ళెం. అది అమ్మది. బాల్కనీలో ఒక పడక్కుర్చీ, అది నాన్నది. నీరజకి నా రాత్రి కాల్స్ వినాల్సి రావడం ఇష్టం లేదు, ఆ గొడవ వేరే వ్యాసం. చావు కబుర్ల సవరణలు మాత్రం ఆగలేదు. ఒక్కసారి, మార్చి రెండో వారంలో, నాన్న రెండు పేర్లు చదివారు, వంటింట్లోంచి జవాబు రాలేదు. మూడోది చదివి ఆగారు. పేపరు మడిచి వెళ్ళి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా అమ్మ గొళ్ళెం తీయలేదు. నాలుగింటికి తీసింది.

అక్కకి ఇదంతా ఫోన్‌లో చెప్పాను, నాన్న గుమ్మం దగ్గర నిలబడటంతో సహా, గొళ్ళెంతో సహా. కాసేపు ఏం మాట్లాడలేదు. "మామ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మకి వెళ్ళడానికి ఒక ఊరుండేదిరా. ఇప్పుడు ఆ ఇల్లు కూడా అమ్మేశారు" అంది. నేను అప్పటిదాకా తన మాటని పంపకంగానే విన్నాను. తను చెప్తున్నది పుట్టిల్లు గురించి. అలా చూస్తే బెంగుళూరులో ఆ గది ఉండటం మంచిదే. దానికీ జాలీకీ తేడా ఎక్కడ వస్తుందంటే, వెళ్ళినావిడ ఎప్పుడు రావాలో ఎవరు చెప్తారన్న దగ్గర. అక్క తీసిన టికెట్ ఏప్రిల్ 18కి, వెళ్ళడానికి ఒక్కటే.

పిల్లలకి ఇరవై రోజులొచ్చాయి. మచ్చది అప్పుడే రెండో గూటికి తయారై, పరుపు కోసమని పిల్లల ఈకలే పీకుతోంది. అందుకని జాలీ మళ్ళీ పెట్టాను. ఈసారి పిల్లల్ని పచ్చదాని వైపు ఉంచాను, వాటిని మేపే పని దానిదే. ఉగాది మర్నాడు అమ్మ పంజరం దగ్గర కూర్చుని కొత్తిమీర కాడలు అందిస్తుంటే, "రిటర్న్ టికెట్ ఎప్పటికి తీయనమ్మా?" అని అడిగాను.

"వెళ్ళాక చెప్తాను" అంది.

బాల్కనీలోంచి నాన్న, "మే పన్నెండుకి మా మేనకోడలి కూతురి పెళ్ళి" అన్నారు, పేపరులోకి చూస్తూ.

"పన్నెండు కాదు, పధ్నాలుగు" అంది అమ్మ.